ఆటలంటేనే పారిపోయే పదేళ్ళ పిల్లాడు... ఏం చేస్తే కదులుతాడు?

గౌతమిగట్టు (ముక్తేశ్వరం)

అందరికీ నమస్కారమండి. మా బాబుకి పదేళ్ళు, ఐదో తరగతి. చదువు గురించి నాకే దిగులూ లేదు. దిగులంతా వాడు ఒళ్ళు కదపకపోవడం గురించే.

స్కూలు బస్సు దిగి లోపలికి రావడం, బ్యాగు పడేసి మంచమెక్కడం. ఫోన్ ఇస్తే రైళ్ళ వీడియోలు, ఇవ్వకపోతే పాత నోటుబుక్కు వెనక పేజీల్లో రైలింజన్ల బొమ్మలు. డబ్ల్యూఏపీ-7 ప్యాసింజర్ బళ్ళు లాగుతుందని, డబ్ల్యూఏజీ-9 గూడ్సు లాగుతుందని నన్ను కూర్చోబెట్టి మరీ చెబుతాడు. మా ఊళ్ళో రైలు కూతే వినపడదు, వీడికీ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో!

బయటికి వెళ్ళి ఆడుకోరా అంటే కడుపునొప్పి అంటాడు, లేకపోతే హోంవర్క్ ఉందంటాడు. వీధిలో పిల్లలు కోత అయిపోయిన చేలో క్రికెట్ ఆడతారు. నేను బతిమాలి పంపిస్తే వీడిని చివర్న ఎక్కడో నిలబెట్టి, బంతి కొబ్బరితోట బోదెలో పడినప్పుడల్లా తెమ్మని తరిమేవారు. బ్యాటింగ్ వంతు వచ్చేసరికి చీకటి పడేది. ఒకరోజు బంతి మూతికి తగిలింది. ఆ తర్వాత వాళ్ళు పిలవడం మానేశారు, వీడు వెళ్ళడం మానేశాడు.

స్కూలు సంగతి చెప్పాలంటే అది మూడంతస్తుల మేడ, గ్రౌండు లేదు. వారానికో పీటీ పీరియడ్, అదీ కింద షెడ్డులో. హోంవర్క్ తేకపోతే గుంజీలు తీయిస్తారు, మేడ చుట్టూ పరిగెత్తిస్తారు. వీడికి పరుగు అంటే శిక్షే. వేరే ఏమీ తెలియదు.

వాళ్ళ నాన్న కువైట్‌లో ఉంటారు. ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక కోచింగ్‌లో చేర్పించమంటారు. మా అత్తగారేమో పిల్లాడు బుద్ధిగా ఇంటిపట్టున ఉంటే నీకొచ్చిన కష్టమేంటి అంటారు. వాడు కాస్త ఒళ్ళు చేశాడు. ఇంటికొచ్చిన చుట్టాలు బుగ్గ గిల్లి, పొట్ట మీద తట్టి నవ్వుతారు. వాడప్పుడు చొక్కా కిందికి లాక్కుంటాడు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుందండి.

మొన్న రాత్రి పడుకునే ముందు అడిగాడు: "అమ్మా, నాకు కాళ్ళు సరిగ్గా పెట్టలేదేమో దేవుడు?"

వాడు ఛాంపియన్ అవ్వాలని నాకు లేదు. చెమట పట్టేలా ఆడి, ఆకలేస్తోందంటూ ఇంటికి రావాలి. అంతే. పోయిన పుట్టినరోజుకి కొన్న సైకిల్ అరుగు పక్కనే ఉంది, తొక్కడం రాదు. ఇంటి ముందు కాలువ ఉంది, ఈతా రాదు. బలవంతం చేయాలా, వదిలేయాలా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.


షటిల్‌నాన్న (అమలాపురం)

మీరు కోనసీమలో ఉండి ఇంత ఆలోచించాలా అండి? షటిల్‌లో వేసేయండి. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి 2022లో కామన్వెల్త్ స్వర్ణం తెచ్చాడు. ఆ ఏడాదే మన దేశం మొదటిసారి థామస్ కప్ గెలిచిందంటే ఆ జట్టులో వీళ్ళిద్దరూ ఉన్నారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డబుల్స్ స్వర్ణం కూడా వీళ్ళదే. గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ బుక్కులోకి ఎక్కాడు. మా వాడు ఆ వీడియో చూసే బ్యాట్ కావాలని పట్టుబట్టాడు. ఇప్పుడు పొద్దున్నే నేను లేపక్కర్లేదు, వాడే నన్ను లేపుతున్నాడు. మొదటి నెల ఏడుస్తారు, తర్వాత అలవాటు పడతారు. కొంచెం గట్టిగా ఉండాలి మనం.


డ్రిల్లు మాస్టారు (పాలకొల్లు)

అమ్మా, నేను పాలకొల్లు చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. నా సర్వీసంతా పిల్లలతోనే గడిచింది. పతకాలు తెచ్చిన పిల్లలు పదిమందికీ కనిపిస్తారు. నేను ఎక్కువగా పట్టించుకున్నది మాత్రం పీటీ పీరియడ్ రాగానే వేపచెట్టు వెనక్కి వెళ్ళి నిలబడే పిల్లల్ని. అందుకే మీ ఉత్తరం పూర్తిగా, రెండోసారి కూడా చదివాను.

కాళ్ళు సరిగ్గా పెట్టలేదేమో అన్నాడు చూడండి, ఆ మాట బద్ధకం ఉన్న పిల్లాడి నోట్లోంచి రాదు. వాడు ప్రయత్నించి చూశాడు, రాలేదు, అదీ పదిమంది చూస్తుండగా రాలేదు. వాడు తప్పించుకుంటున్నది పరుగుని కాదమ్మా, ఆ చూపుల్ని. అందుకని నేను చెప్పేది ఒక్కటే: ఎవరూ చూడని చోట, వాడికి ముందే ఇష్టమున్న పనిలోంచి మొదలుపెట్టండి. జట్టు ఆటలు, కోచింగులు ఆ తర్వాత సంగతి.

షటిల్‌నాన్న గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. సాత్విక్‌ని చూస్తే నా గుండె కూడా పొంగుతుంది. వాళ్ళ నాన్నగారూ వ్యాయామ ఉపాధ్యాయులుగానే పనిచేశారు. అంటే ఆట ఆ ఇంట్లోనే ఉందన్నమాట. మీ అబ్బాయి బ్యాట్ తనే అడిగాడు. ఈ బాబు ఇంకా ఏదీ అడగలేదు. అడగని పిల్లాడిని తెల్లవారుజామున లేపి, ఎదురుగా పాతిక మంది ఆడుతున్న కోర్టులో నిలబెడితే మొదటి నెల ఏడుపు రెండో నెలకి అలవాటుగా మారదు, మొండితనంగా మారుతుంది. నేను కళ్ళారా చూశాను.

ముందు ఇంట్లో కొన్ని మాటలు ఆగాలి. వాడి పొట్ట మీద చెయ్యి వేసే చుట్టాలని గుమ్మంలోనే ఆపండి, మొహమాటపడకండి. ఆడితే ఫోన్ ఇస్తాననే బేరం కూడా వద్దు. ఆ బేరం పెట్టిన రోజున ఫోన్ బహుమతి అవుతుంది, ఆట దానికి కట్టే పన్ను అవుతుంది. వాడికి వినపడేలా వ్యాయామం, బరువు, కొవ్వు అనే మాటలు అసలు ఎత్తకండి.

ఇప్పుడు బంతి సంగతి. మూతికి తగిలిందన్నారు కదా. బంతి అంటే భయమున్న పిల్లలు అందరూ ఒకేలా నిలబడతారు. చేతులు రెండూ బిగుసుకుని ముందుకి చాస్తారు, మొహం పక్కకి తిప్పుతారు, బంతి దగ్గరికి రాగానే కళ్ళు మూసుకుంటారు. కళ్ళు మూసుకున్నాక చేతికి బంతి ఎలా దొరుకుతుంది? బంతి మీద కన్నేసి ఉంచరా అని ఎంత అరిచినా లాభం లేదు. మీ తోటలో ఉన్న వస్తువుతోనే దీనికి మందుంది. కొబ్బరాకు బంతి అల్లండి. రెండు ఆకులు తీసుకుని ఈనెలు లాగేస్తే నాలుగు పట్టీలవుతాయి. వాటిని ఒకదాని మీదుగా ఒకటి అల్లుకుంటూ పోతే ఆరు పలకల బంతి వస్తుంది. మీకు రాకపోతే మీ ఊళ్ళో అరవై దాటిన వాళ్ళెవరినైనా అడగండి, చేతులు వాటంతటవే అల్లేస్తాయి. ఆ బంతికి బరువుండదు. మొహానికి తగిలినా నొప్పి ఉండదు, వాడికి కావలసింది అదే.

పలకలకి స్కెచ్ పెన్నుతో రంగులు వేయండి, ఒక్కోదానికి ఒక్కో రంగు. మూడడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చుని మెల్లగా పైకి విసరండి. పట్టుకోమని చెప్పొద్దు. చేతిలో పడినప్పుడు పైకి ఏ రంగు వచ్చిందో చెప్పమనండి. రంగు చెప్పాలంటే చూడాలి, చూడాలంటే కళ్ళు తెరవాలి. కింద పడినా సరే, రంగు చెబితే చాలు. ఆడుతూ ఆడుతూ మీరు ఒక్కో అడుగు వెనక్కి జరగండి. అది బాగా వచ్చాక రబ్బరు బంతి, ఆ తర్వాతే టెన్నిస్ బంతి. దీంతోపాటు విసరడం కూడా ఆడించండి. గోడ మీద నాలుగు కొబ్బరి చిప్పలు బోర్లించి కొట్టమంటే ఏ పిల్లాడూ కాదనడు. విసిరేటప్పుడు భయం ఉండదు కదా.

ఆ తర్వాత ఏడు పెంకులాట. పాత బంగళా పెంకు పగిలిన ముక్కలు మీ పెరట్లోనే దొరుకుతాయి. నెమ్మదస్తులైన పిల్లలు ఇద్దరు ముగ్గురు చాలు. క్రికెట్‌లో చివర్న నిలబడ్డ పిల్లాడికి గంటలో పది అడుగుల పని కూడా ఉండదు, అవకాశం వచ్చిన ఆ ఒక్కసారి తప్పితే అందరూ తిడతారు. పెంకులాటలో అలా కాదు. అందరూ పరిగెత్తాల్సిందే, ఎవరు తప్పారో గుర్తుండేలోపు పెంకులు మళ్ళీ పేరుస్తారు. బిడియస్తుడైన పిల్లాడికి నా దృష్టిలో ఇంతకి మించిన ఆట లేదు. కొట్టడానికి కూడా ఆ ఆకు బంతే వాడండి.

సైకిల్‌కి వెనక చిన్న చక్రాలు బిగించకండి. వాటితో పెడల్ తొక్కడం వస్తుంది గానీ బ్యాలెన్స్ రాదు. సైకిల్ షాపుకి తీసుకెళ్ళి రెండు పెడల్సూ ఊడదీయించండి. మీరే ఊడదీస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి, ఎడమ పెడల్‌కి ఎదురు మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. సీటు బాగా దించేయండి, కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. ఇక వాడిని దాని మీద నడవమనండి. నడక కాస్తా తోయడమవుతుంది, తోయడం కాస్తా జారడమవుతుంది. రెండు కాళ్ళూ పైకెత్తి ఒక కొబ్బరిచెట్టు దగ్గర్నుంచి ఇంకో చెట్టు దాకా పడకుండా వెళ్ళాడంటే బ్యాలెన్స్ వచ్చేసినట్టే, అప్పుడు పెడల్స్ బిగించండి. వెనక సీటు పట్టుకుని పరిగెత్తే పని మీకు ఉండదు, పడతానేమోనన్న టెన్షన్ వాడికి ఉండదు. ఆదివారం పూట సర్కారు బడి ఆవరణలో నేర్పండి. కాలువ గట్టు మీద మాత్రం వద్దు.

ఇంతకీ సైకిల్ ఎక్కి ఎక్కడికి వెళ్ళాలి? దీనికి జవాబు మీరే రాశారమ్మా. మీ ముక్తేశ్వరం రేవులో నిలబడితే గౌతమి మీద కోటిపల్లి–నరసాపురం రైలు లైను వంతెన స్తంభాలు కనపడతాయి. రైళ్ళంటే ప్రాణమిచ్చే పిల్లాడికి అంతకన్నా ఏం కావాలి? సాయంత్రం నడుచుకుంటూ వెళ్ళండి. స్తంభాలు ఎన్నున్నాయో లెక్కపెట్టమనండి, బొమ్మ గీయమనండి. పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతల ఒడ్డున కోటిపల్లిలో దిగి అక్కడి నుంచి చూడమనండి. నడకకి వెళ్దాం అనకండి, వంతెన చూడ్డానికి వెళ్దాం అనండి. ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్ళనివ్వండి.

ఈత గురించి ఇంకొంచెం గట్టిగా చెబుతాను. డెల్టాలో పుట్టిన పిల్లాడికి ఈత అనేది ఆట మాత్రమే కాదు, ప్రాణరక్షణ. ఇంటి ముందు కాలువ ఉండి ఈత రాకపోవడమే అసలు ప్రమాదం. మా చిన్నప్పుడు బాగా ఎండిన కొబ్బరికాయలు రెండు పీచుతో సహా తాడుకి కట్టి చంకల కింద పెట్టేవారు. అరటి బోదెలు పట్టుకుని కాళ్ళు కొట్టేవాళ్ళం. ఇప్పుడూ అవి పనికొస్తాయి, కానీ తాడు ఊడితే తేలేది కాయే, పిల్లాడు కాదు. అందుకే ఈత బాగా వచ్చిన మనిషి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో నీళ్ళలోనే ఉండాలి, గట్టు మీద కాదు. లాకుల దగ్గర, తూముల దగ్గర దించకండి, నీటి లాగుడు పైకి కనపడదు. గుర్రపుడెక్క పెరిగిన చోట కాళ్ళకి చుట్టుకుంటుంది. గోదావరి పాయలో అసలే వద్దు, ఇసుక తీసిన గోతులు అడుగడుగునా ఉంటాయి. దగ్గర్లో ఈతకొలను ఉన్న ఊళ్ళో చుట్టాలుంటే వేసవి సెలవులకి అక్కడికి పంపడం ఇంకా మంచిది. ఇలా లావుగా ఉన్న పిల్లలు నీళ్ళలో సులువుగా తేలతారు. నేల మీద వెనకబడ్డ పిల్లాడు నీళ్ళలో ముందుంటాడు. ఆ రోజు వాడి మొహం మీరు చూడాలి.

బలవంతమా, వదిలేయడమా అని అడిగారు. రెండూ కాదు. ఏది ఆడాలన్నది వాడిష్టం. సాయంత్రం బయటికి రావడం మాత్రం మీ ఇంటి పద్ధతి. అన్నం తినడం లాగే, దాని మీద చర్చ ఉండకూడదు. మీరూ వాడితో పాటు రావాలి.


నర్సక్క (రాజోలు)

మాస్టారు చెప్పినదానికి ముందొక పని ఉందండి. పిల్లాడిని ఒకసారి డాక్టరుకి చూపించండి. ఆటలంటే ఇష్టంలేదని తెచ్చిన పిల్లల్లో కొందరికి ఒంట్లోనే ఏదో ఒక ఇబ్బంది ఉండటం మేం చూస్తుంటాం.

హిమోగ్లోబిన్ చూపించండి. అయిదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 11.5 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. పైకి బొద్దుగా కనిపించే పిల్లలకీ ఉంటుంది, ఒళ్ళు ఉంది కదా రక్తం ఉండకపోవడమేంటి అనుకోకండి. వాళ్ళకి మెట్లెక్కితేనే ఆయాసం, ఎప్పుడూ పడుకోవాలనిపించడం. స్కూల్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు కదా, అది వేసుకున్నాడో లేదో కనుక్కోండి. ఆ రోజు బడికి వెళ్ళకపోతే తర్వాత కూడా వేస్తారు.

పరిగెత్తిన తర్వాత దగ్గు వస్తోందా, ఛాతీలో పిల్లికూతలు వినపడుతున్నాయా చూడండి. అలా ఉంటే ఉబ్బసం అయి ఉండొచ్చు, మందులతో అదుపులో ఉంటుంది, ఆటలు మానక్కర్లేదు. కళ్ళు కూడా చూపించండి. బంతి దగ్గరికొచ్చేదాకా కనపడని పిల్లాడు బంతికి భయపడటంలో తప్పేముంది? రాత్రి నోరు తెరుచుకుని గురక పెడతాడా? అదీ డాక్టరుకి చెప్పండి. నిద్ర సరిపోక పగలంతా నీరసంగా ఉంటారు.

చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, చెప్పుల పట్టీ బిగించుకోవడం, అక్షరాలు రాయడం కూడా తోటివాళ్ళ కంటే బాగా కష్టంగా ఉంటే ఆ సంగతీ చెప్పండి. కొందరు పిల్లలకి కాళ్ళూ చేతులూ మనసు చెప్పినట్టు కలిసి రావు. అది వాళ్ళ తప్పు కాదు, ఫిజియోథెరపీ లాంటివి ఉన్నాయి. మీ బాబు ఇంజన్లు చక్కగా గీస్తాడన్నారు కాబట్టి అలా కాకపోవచ్చు. అయినా ఒక మాట అడగడంలో నష్టం లేదు.

ఎంతసేపు ఆడాలంటే, అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజుకి సగటున అరవై నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒంటికి చెమట పట్టే ఆటలు, ఎముకలకి బలమిచ్చే గెంతులు, ఎక్కుడు ఆటలు వారంలో మూడు రోజులైనా ఉండాలి. అరవై అనగానే కంగారు పడకండి, ఒక్కసారే అక్కర్లేదు. పది నిమిషాలు బంతి, పావుగంట నడక, అన్నీ కలిపే లెక్క. ఇప్పుడు ఏమీ లేని పిల్లాడికి పది నిమిషాలు కూడా మేలే. వైశాఖం, జ్యేష్ఠం ఎండల్లో మాత్రం పొద్దున ఏడులోపు, సాయంత్రం అయిదు దాటాక.


లేసుఅల్లిక (నరసాపురం)

మీ పోస్టు చూసి మా అమ్మాయి గురించి రాయాలనిపించింది. దానికి పదమూడేళ్ళు. పీటీ ఉన్న రోజు ఏదో వంకతో బడి మానేసేది. అడిగితే చెప్పేది కాదు. ఒకరోజు జడ వేస్తుంటే మెల్లగా బయటపడింది: పీటీ రోజు తెల్ల ప్యాంటు వేసుకోవాలి, నెలసరి మరక అవుతుందేమోనని భయం. నేను స్కూలుకి వెళ్ళి మేడంతో మాట్లాడి, ముదురు నీలం ట్రాక్ ప్యాంటుకి ఒప్పించాను. ఆ తర్వాత మిగతా ఆడపిల్లలూ అదే వేసుకోవడం మొదలుపెట్టారు. ఆడపిల్లల తల్లులు ఈ సంగతి ముందే కనుక్కోండి. పిల్లలు తమంతట తాము చెప్పరు.

అయినా దానికి ఆటలు నచ్చలేదు. పరుగు పందెం, ఖోఖో... ఏదీ వద్దంది. దానికి నచ్చింది కోలాటం. మా పేటలో ఆడవాళ్ళు పగలంతా నడుం వంచి లేసు అల్లుతారు, సాయంత్రం రామాలయం దగ్గర కోలాటం నేర్చుకుంటారు. మా అమ్మ కూడా వాళ్ళలో ఒకతె. అమ్మమ్మకి తోడుగా వెళ్ళి అరుగు మీద కూర్చునేది. ఒకరోజు ఒక మనిషి తక్కువైతే కర్రలు దీని చేతికిచ్చారు.

జడ కోలాటం మీరు చూసే ఉంటారు. మధ్యలో పైనుంచి రంగురంగుల తాళ్ళు వేలాడతాయి, ఒక్కొక్కరు ఒక్కో తాడు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి కర్రతో పక్కవాళ్ళ కర్రకి కొడుతూ లోపలికీ బయటికీ తిరుగుతారు. అడుగులు సరిగ్గా పడితే తాళ్ళన్నీ జడలా అల్లుకుంటాయి. మళ్ళీ అవే అడుగులు వెనక్కి వేస్తే జడ విడిపోతుంది. ఒక్కరు తప్పినా ముడి పడుతుంది, అప్పుడందరూ ఆగి దాన్ని విప్పుకుంటారు. తప్పిన మనిషిని ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే అందరూ ఎప్పుడో ఒకప్పుడు తప్పినవాళ్ళే. మా అమ్మాయి ఇప్పుడు గంటన్నర గెంతుతుంది, చెమటతో జుట్టంతా తడిసిపోతుంది. దాన్ని వ్యాయామం అని ఎవరూ అనలేదు, అదీ అనుకోలేదు. కనుమ నాడు ఊరేగింపులో మొదటి వరసలో నడిచింది.

మగపిల్లలూ ఆడతారండి. మీ ఊళ్ళో బృందం ఉంటే ఒకసారి చూపించండి. చూసి వచ్చేయండి, ఆడమని అడగకండి.


గౌతమిగట్టు (ముక్తేశ్వరం)

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నానండి. వెంటనే జవాబు రాయలేకపోయాను, చేసి చూశాక చెబుదామని ఆగాను.

నర్సక్క గారు చెప్పినట్టు రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. డాక్టరు గారు ఐరన్ సిరప్ రాశారు. కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. ఇన్నాళ్ళూ వాడు నీరసంగా ఉంటే బద్ధకం అని అందరూ అన్నారు కదా అని ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

కొబ్బరాకు బంతి ఎవరు అల్లారనుకున్నారు? మా అత్తగారే. నేను యూట్యూబ్ చూసుకుంటూ తంటాలు పడుతుంటే నా చేతిలోంచి ఆకు లాక్కుని టకటకా అల్లేశారు. ఇంకోటి కూడా అల్లి, నువ్వు విసురు నేను పడతాను అని మనవడితో కూర్చున్నారు. ఇప్పుడు ఆ ఆట వాళ్ళిద్దరిదీ, నన్ను రానివ్వడం లేదు. అయిదు రంగులు చెబుతున్నాడు, ఆరోది ఎప్పుడూ అడుక్కే వస్తోందట, ఎందుకని కొత్తగా ఆలోచిస్తున్నాడు.

రేవుకి నడిచి వెళ్తున్నాం. మొదటి రోజు సగం దారిలో కాళ్ళు నొప్పులన్నాడు, వెనక్కి వచ్చేశాం. స్తంభాలు చూసిన రోజు నుంచి వాడే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడుతున్నాడు. సైకిల్ పెడల్స్ ఊడదీయించాను. బడి ఆవరణలో మనుషులుంటే సిగ్గుపడుతున్నాడు, అందుకని పొద్దున్నే వెళ్తున్నాం. ఇంకా కాళ్ళు ఎత్తడం లేదు, తోసుకుంటున్నాడు.

మూడు సందేహాలు. సిరప్ తాగితే పళ్ళు నల్లబడుతున్నాయి, మానేయాలా? వీధిలో పిల్లలు ఇప్పుడు వీడిని మళ్ళీ క్రికెట్‌కి పిలుస్తున్నారు, పంపాలా? సైకిల్ వచ్చాక పంటు మీద కోటిపల్లి వెళ్ళి రావాలని ఇప్పటి నుంచే అడుగుతున్నాడు. పదేళ్ళ పిల్లాడితో అది మంచిదేనా?


నర్సక్క (రాజోలు)

సిరప్ మానొద్దండి. నాలుక వెనక్కి పడేలా తాగించి, వెంటనే నీళ్ళతో పుక్కిలించి పళ్ళు తోమించండి, మరక పోతుంది. మలం నల్లగా వచ్చినా భయపడకండి, మందు వల్లే. పాలతో, టీతో కలిపి ఇవ్వకండి, ఒంటికి పట్టదు. నిమ్మరసం మంచిది. డాక్టరు ఎన్నాళ్ళు రాస్తే అన్నాళ్ళూ వాడండి, హుషారు వచ్చింది కదా అని మధ్యలో ఆపేయొద్దు.


డ్రిల్లు మాస్టారు (పాలకొల్లు)

చాలా సంతోషం తల్లీ. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

క్రికెట్‌కి ఇప్పుడే వద్దు. ఆ పిల్లల్లో మెత్తనివాళ్ళని ఇద్దరిని మీ పెరట్లోకి పిలవండి, పెంకులాట ఆడించండి. వాళ్ళకి మీరే మరమరాలో, జంతికలో పెట్టండి. ఈ ఆట మీ వాడి ఇంట్లో, మీ వాడికి తెలిసిన బంతితో జరుగుతుంది కాబట్టి నియమాలు వాడే చెబుతాడు. ఇలా కొన్నాళ్ళు గడిచాక వాడే చేలోకి వెళ్తానంటే ఆపకండి. వెళ్ళనంటే అదీ మంచిదే, క్రికెట్ ఆడకుండా కూడా మనిషి ఆరోగ్యంగా బతకొచ్చు.

కాళ్ళు ఎత్తడం లేదని తొందరపెట్టకండి. ఆవరణలో కాస్త వాలుగా ఉన్న చోటు చూడండి, పల్లం వైపు తోసుకుంటే కాళ్ళు వాటంతటవే లేస్తాయి. బ్రేకులు పట్టడం అంతకన్నా ముందే నేర్పాలి, వెనక బ్రేకు మొదట, తర్వాత ముందుది. హెల్మెట్ మొదటి రోజు నుంచే పెట్టండి. తర్వాత పెడదామంటే ఒప్పుకోడు.

పంటు ప్రయాణం తప్పకుండా చేయించండి, మీరు కూడా వెళ్ళండి. రేవు దగ్గర వాలు ఉంటుంది, అక్కడ సైకిల్ దిగి నడిపించుకుంటూ ఎక్కాలి. పంటు మీద సైకిల్ స్టాండు వేసి మధ్యలో నిలబడండి, బొమ్మ గీయడానికి అంచు దగ్గరికి వెళ్ళనివ్వొద్దు. లైఫ్ జాకెట్ అడిగి వేయించండి. ఇవ్వకపోతే ఆ రోజుకి ఇవతలి ఒడ్డు నుంచే చూడండి. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, అప్పుడు రేవు ఛాయలకే వెళ్ళకండి. ఎర్రనీరు తగ్గి దసరా సెలవులు వచ్చేసరికి వాడికి సైకిల్ కూడా వచ్చేస్తుంది, అప్పుడు పెట్టుకోండి.